పనిముట్టు ఉక్కులు – వాని రకములు, ఉపయోగములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



వెండి పండుగనాడు ఇనుము ముచ్చట లేమిటని కొందఱు నవ్వవచ్చును. గ్రంథాలయ సభలలో కావ్యమును గూర్చియో, పురాణమును గూర్చియో మాటలాడుట వాడుక. ఐనను కార్యకర్తలు నన్ను పిలిచి, నాకు తెలిసిన పనిని గూర్చి చెప్పుమని కోరిరి. నేను చాలకాలము టూల్‌రూములో పనిచేసినవాడను. నాకు తెలిసిన పని ఉక్కు పని. రైతు చేతి కొడవలి మొదలు తూముకుంట పారిశ్రామిక వాడలో తిరుగు యంత్రముల వరకు, కోయు ప్రతి అంచునందును, పొడుచు ప్రతి మొనయందును ఉక్కు కలదు. ఇతర వస్తువులను చేయుటకు పనికివచ్చు ఈ ఉక్కునకే పనిముట్టు ఉక్కు అని పేరు. ఆంగ్లములో దీనిని టూల్ స్టీలు అందురు.

ఇనుము, ఉక్కు

ఇనుమునకును ఉక్కునకును గల భేదము చూచుటకు స్వల్పము. ఫలితము మాత్రము చాల పెద్దది. బొగ్గులోనుండు కర్బనము లోహములో ఏపాటి కలిసినదను దానిమీద ఈ భేదము ఆధారపడి యున్నది. నూఱు పాళ్ల లోహములో కర్బనము పావు పాలునకు లోబడి యున్నచో అది మెత్తని రకము. కిటికీ చువ్వలు, తలుపు గడియలు దీనితో చేయుదురు. బజారులో దీనినే మైల్డ్ స్టీలు అందురు. దీనిని ఎంత ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినను చెప్పుకొనదగినంత గట్టిపడదు. కర్బనము సుమారు 0.6 పాలు మొదలు 1.4 పాళ్ల వరకు నున్నచో అది పనిముట్టునకు తగిన ఉక్కు. 2 పాళ్లు మించినచో అది పోత ఇనుము. చెరకు గానుగ చక్రములు, తూకపు గుండ్లు దీనితో పోయుదురు. ఇది గట్టిదే కాని సమ్మెట దెబ్బకు పగులును.

ఈ కొద్దిపాటి అవధిలోనే ఒక్కొక్క పనిముట్టునకు ఒక్కొక్క లెక్క కలదు. సుత్తెకు 0.5, 0.6 పాళ్లు చాలును. ఇనుమును నఱకు ఉలికి 0.7, 0.8 పాళ్లు కావలెను. ఆకురాతికి 1.2 పాళ్లకు తక్కువ కారాదు. సుత్తెకు దెబ్బ తగులును. ఆకురాతికి రాపిడి తగులును. పని వేఱు గనుక ఉక్కును వేఱు.

గట్టిదనము, ఓర్పు

ఉక్కులో మనకు కావలసిన గుణములు ముఖ్యముగా రెండు. మొదటిది గట్టిదనము, దీనివలన అంచు అరుగదు. రెండవది దెబ్బకు ఓర్చు గుణము. దీనివలన అంచు విఱుగదు. ఈ రెండును సవతుల వంటివి. ఒకటి పెరిగిన కొలది సాధారణముగా రెండవది తగ్గును. ఏ పనికి ఎంత గట్టిదనము, ఎంత ఓర్పు కావలయునో నిర్ణయించుటయే ఈ విద్యకంతకును మూలము. నా ఉపన్యాసములో తక్కినవన్నియు మఱచినను ఈ ఒక్క మాట గుర్తుంచుకొనవలసినదిగా కోరుచున్నాను.

ఉక్కును చెఱ్ఱీపండు వన్నె వచ్చునట్లు, అనగా సుమారు 770 నుండి 800 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కాల్చినప్పుడు దానిలోని అణువుల అమరిక మారి, కర్బనము ఇనుములో కరగును. నెమ్మదిగా చల్లార్చినచో ఆ కర్బనము మరల వెలికి వచ్చి, ఉక్కు మెత్తబడును. ఒక్కసారిగా నీట ముంచినచో వెలికి వచ్చుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొనును. ఆ బిగువువలన ఉక్కు గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసెక్కును. అందుచే దానిని మరల కొద్దిగా వేడిచేసి బిగువు సడలింపవలెను. దీనిని టెంపరు చేయుట యందురు.

ఈ రెండవ వేడిమిని కొలుచుటకు మన కమ్మరులకు ఏ యంత్రమును అక్కఱలేదు. మెఱుగు పెట్టిన ఉక్కుమీద వేడి కెక్కినకొలది రంగులు పుట్టును. సుమారు 230 డిగ్రీల వద్ద లేత గడ్డి రంగు, 260 వద్ద గోధుమ రంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము కనిపించును. గీత గీయు సూదులకు లేత గడ్డి రంగు వద్ద ఆపుదురు. ఇనుము నఱకు ఉలికి ఊదా రంగు, స్ప్రింగునకు నీలము తగును.

కొలిమి వద్ద పనివాడు ఉలిని సరిచేయుట గమనింపుడు. ఉలి కొసను ఎఱ్ఱగా కాల్చి, మొన మాత్రమే నీట ముంచును. వెంటనే పైకి తీసి రాతితో రుద్ది మెఱుగు తెచ్చును. వెనుక భాగమున మిగిలియున్న వేడి మొనవైపు ప్రాకుకొలది రంగులు వరుసగా నడచివచ్చును. కావలసిన రంగు మొనకు చేరిన క్షణమున ఉలినంతయు నీట ముంచును. రెండు పనులు ఒక్క వేడిలోనే ముగియును. పుస్తకములలో పుటల కొలది వ్రాయబడిన శాస్త్రము ఇక్కడ అరనిమిషములో జరుగును. మనకు సమీపముననున్న లేపాక్షిలో 16వ శతాబ్దమున నల్లరాతి స్తంభములను, ఏకశిలా నందిని చెక్కిన శిల్పుల వెనుక ఇట్టి కొలుములు ఎన్ని మండి యుండునో ఊహించుకొనవచ్చును. గట్టి రాతిపై నడచు ఉలికి మాటిమాటికి మొన సాగదీయక తప్పదు.

మన దేశపు మూస ఉక్కు

ఉక్కు విద్య మనకు పరదేశమునుండి వచ్చినది కాదు. వెనుకటి కాలమున ఐరోపా వారు ‘వూట్జ్’ అని పిలిచి ఆశ్చర్యపడిన ఉక్కు మన దక్షిణాది ఉక్కే. ఆ పేరు మన ‘ఉక్కు’ అను మాటకు వికృతియని పండితుల అభిప్రాయము.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము, నిర్మల పరిసర గ్రామములు ఈ ఉక్కునకు ప్రసిద్ధి కెక్కినవి. వాయ్సీ అను వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కోనసముద్రమునకు వెళ్లి చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురింపబడినది. పారసీక దేశమందలి ఇస్పహాను నగరపు వర్తకుడొకడు ఉక్కుకొఱకు అంత దూరము వచ్చుటను అతడు వ్రాసెను. పేరు పొందిన డెమాస్కసు కత్తుల వెనుక ఇట్టి ఉక్కు ముద్దలే యున్నవి. మన ప్రాంతమునకు ఇంకను దగ్గఱగా, మధుగిరి, చెన్నరాయదుర్గము ప్రాంతములలో ఇనుము, ఉక్కు చేయు విధానమును 1800వ సంవత్సరమున మైసూరు సీమలో పర్యటించిన బుకానను వర్ణించెను. మైసూరు సీమలోని చన్నపట్నలో ఉక్కుతో వాద్యములకు తంత్రులు తీయుదురనియు అతడే తెలిపెను.

ఆ పద్ధతి ఇట్టిది. ఊక కలిపిన బంకమట్టితో చిన్న మూసలు చేయుదురు. అందులో ఇనుప ముక్కలను, ఎండిన తంగేడు కట్టెను వేసి, జిల్లేడు ఆకులు కప్పి, మట్టితో మూతి మూయుదురు. ఇట్టి మూసలను బొగ్గుల కొలిమిలో పేర్చి, తోలుతిత్తులతో గంటల తరబడి ఊదుదురు. తంగేడు కట్టె బొగ్గయి, దాని కర్బనము ఇనుములోనికి చేరును. కర్బనము చేరిన ఇనుము తక్కువ వేడికే కరగును. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీలు కావలెను. ఈ ఉక్కునకు అంత అక్కఱలేదు. చల్లారిన పిదప మూసను పగులగొట్టగా లోపల ఉక్కు ముద్ద దొరకును. అందు కర్బనము సాధారణముగా 1.2 నుండి 1.8 పాళ్ల వరకు నుండును.

1794లో బొంబాయినుండి ఈ ఉక్కు మచ్చులు లండను రాయల్ సొసైటీకి చేరినవి. 1795లో పియర్సను దానిని పరీక్షించి వ్యాసము ప్రకటించెను. అటుపిమ్మట మైఖేలు ఫారడే, స్టోడార్టు అను కత్తుల పనివానితో కలిసి, మన ఉక్కు రహస్యమును కనుగొనవలెనని ఇనుములో పలు లోహములను కలిపి 1822 వరకు ప్రయోగములు చేసెను. రహస్యము దొరకలేదు, కాని ఇతర లోహములు కలిపి ఉక్కు గుణమును మార్చు పరిశోధనలలో తొలివాటిగా అవి నిలిచినవి. ఈ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి కుదిరి, కట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైనవాడు. గ్రంథాలయ సభలో ఈ సంగతి చెప్పుటకు నాకు ఎంతో సంతోషముగానున్నది.

ఇక దుఃఖకరమైన సంగతి. ఆ మూస ఉక్కు పరిశ్రమ 19వ శతాబ్దములో క్షీణించినది. పరదేశపు చవుక ఉక్కు దిగుమతి, అడవుల మీది ఆంక్షలు, పూర్వపు బేరములు తగ్గుట, ఇవన్నియు కారణములే. పరిశ్రమ పోవుట ఒక నష్టము; దానితో విద్యయు పోవుట అంతకు మించిన నష్టము. పనివారు తమ నేర్పును చేతులలో నుంచుకొనిరే కాని కాగితముమీద పెట్టలేదు. ఈనాడు మనకు తెలిసినదానిలో చాలభాగము చూడవచ్చిన పరదేశీయులు వ్రాసినదే. ఆ కత్తులమీది నీటి చారలకు ఇనుములో సహజముగానుండు వెనేడియము వంటి లోహముల లేశము కారణమని అమెరికాలో వర్హోవెను, పెండ్రే అనువారు ప్రయోగములు చేసి 1998లో వివరించిరి. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండు ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణములో ఊరూర తిరిగి చిట్టెపు దిబ్బలను వెదకిరి. మన తాతలు చేతితో చేసినదానిని చిట్టెము చూచి ఊహింపవలసి వచ్చినది!

మిశ్రమ ఉక్కుల రాక

ఇంగ్లండులో షెఫీల్డు నగరమున 1740 ప్రాంతమున హంట్స్‌మను అను గడియారముల పనివాడు మంచి స్ప్రింగులకొఱకు మూసలలో ఉక్కును కరగించు పద్ధతిని నెలకొల్పెను. 1868లో రాబర్టు మషెటు ఉక్కులో టంగ్‌స్టను కలిపి, నీట ముంచకయే గాలిలో గట్టిపడు ఉక్కును చేసెను. 1900వ సంవత్సరమున పారిసు ప్రదర్శనములో టేలరు, వైటు అను అమెరికనులు తమ పద్ధతిలో కాచిన ఉలితో లేతుమీద ఇనుమును తఱిగి చూపిరి. రాపిడికి ఉలి కొస ఎఱ్ఱబడినను అంచు చెడలేదు. చూచినవారు విస్తుపోయిరి. అదియే హైస్పీడు స్టీలునకు ఆరంభము.

దీని విలువ లెక్కలో చూడుడు. ఉత్త కర్బనపు ఉక్కు 200, 250 డిగ్రీలు దాటినచో మెత్తబడును. కావున దానితో మెత్తని ఇనుమును నిమిషమునకు 10 మీటర్లకు మించి తఱుగుట కష్టము. హైస్పీడు స్టీలు సుమారు 600 డిగ్రీల వరకు నిలుచును. దానితో 25, 30 మీటర్లు తఱుగవచ్చును. 1920 తర్వాత జర్మనీలో పుట్టిన టంగ్‌స్టను కార్బైడుతో నూఱు మీటర్లు దాటవచ్చును. ఒక దినపు పని గంటలలో ముగియుటకు కారణమిదియే.

రకములు, ఉపయోగములు

నేడు కర్మాగారములలో వాడు పనిముట్టు ఉక్కులను గట్టిపడు విధమును బట్టియు, చేయు పనిని బట్టియు విభజింతురు.

మొదటిది నీటితో గట్టిపడునది. ఇది ఉత్త కర్బనపు ఉక్కు, వెల తక్కువ. ఆకురాళ్లు, వడ్రంగి ఉలులు, బాడిసలు దీనితో చేయుదురు. నీటి దెబ్బకు వంకరపోవుట, పగులుట దీని లోపము.

రెండవది నూనెతో గట్టిపడునది. దీనిని టూల్‌రూములలో ఓ.హెచ్.ఎన్.ఎస్. అందురు. కర్బనము సుమారు 0.9, మాంగనీసు ఒక పాలునకు పైగా, క్రోమియము, టంగ్‌స్టను చెఱి అర పాలు ఉండును. నూనె నీటివలె ఒక్కసారిగా చల్లార్చదు గనుక కొలతలు అంతగా చెడవు. కొలత గేజిలకు, చిన్న పంచిలకు ఇది తగును. ధర్మవరపు మగ్గములకు జకార్డు అట్టలలో రంధ్రములు పొడుచు పంచి వంటి వానికి ఇట్టి ఉక్కు అనుకూలము.

మూడవది అధిక కర్బనము, అధిక క్రోమియము గలది. పనివారు దీనిని హెచ్.సి.హెచ్.సి. అందురు. కర్బనము ఒకటిన్నర నుండి రెండు పాళ్లు, క్రోమియము 12 పాళ్లు. దీనిలో డి-2 రకమును సుమారు 1000 డిగ్రీలకు పైగా కాచి, గాలిలోనే చల్లార్చుదురు. రేకునుండి లక్షల కొలది వాషరులను కొట్టు డైలు దీనితో చేయుదురు. 2019 నుండి మన పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచిలో కార్లు తయారగుచున్నవి. ఏ దేశములోనైనను కారు రేకులను మలచు పెద్ద డైలలో, ఎక్కువ రాపిడి తగులుచోట ఇట్టి ఉక్కు బిళ్లలను బిగించుట కలదు.

నాలుగవది దెబ్బ కోర్చునది. కర్బనము అర పాలే. గాలి సుత్తెల ఉలులకు, రేకు కత్తిరించు బ్లేడులకు వాడుదురు. రాతి గనులలో చిల్లులు వేయు కడ్డీలకును ఓర్పుగల ఉక్కే వాడి, మొనకు మాత్రము కార్బైడు ముక్కను అతికింతురు. కఱ్ఱునకు కొసన ఉక్కు వేయు మన పాత ఉపాయమే ఇది.

ఐదవది వేడి పనికి తగినది. దీనిలో హెచ్-13 ప్రసిద్ధము. కర్బనము 0.4, క్రోమియము 5, మాలిబ్డినము సుమారు ఒకటిన్నర, వెనేడియము ఒక పాలు. అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. ఆ ద్రవమును వత్తిడితో నింపి మోటారు సైకిలు భాగములను పోయు అచ్చులు గంటగంటకు కాగుచు చల్లారుచు నుండును. వేఱు ఉక్కైనచో త్వరలోనే బీటలు వాఱును.

ఆఱవది హైస్పీడు స్టీలు. పాత రకములో టంగ్‌స్టను 18, క్రోమియము 4, వెనేడియము 1 పాలు. నేడు ఎక్కువగా వాడు ఎమ్-2 రకములో టంగ్‌స్టను 6, మాలిబ్డినము 5 పాళ్లు. డ్రిల్లు బిట్లు, ట్యాపులు, మిల్లింగు కట్టరులు దీనివి. ఫారడే వెదకిన మార్గము, మన పాత కత్తులలో దాగియుండిన వెనేడియము, రెండును ఇక్కడ కలిసికొన్నవి.

ఏడవది ప్లాస్టికు అచ్చుల ఉక్కు. దీనిలో పి-20 ముఖ్యమైనది. మన ఇండ్లలోని బకెట్టులు, కుర్చీలు పుట్టునవి ఇట్టి అచ్చులలోనే. ఇది మితమైన గట్టిదనముతోనే అమ్మకమునకు వచ్చును. అచ్చు చెక్కిన పిదప మరల కాల్చు అక్కఱ సాధారణముగా నుండదు.

కొన్ని అనుభవ సూచనలు

ఉక్కు ఏదో తెలియక కాల్చరాదు. నేను పనిచేసిన ఒక తావున, నూనెలో ముంచవలసిన ఉక్కును రంగు గుర్తు చెరిగిపోయినందున మామూలు ఉక్కుగా నెంచి నీట ముంచిరి. పదునైదు దినముల పని ‘టక్’ మను చప్పుడుతో రెండు ముక్కలైనది. కావున కడ్డీకి గుర్తు వేసిన కొసను చివరి వరకు కోయకుండ నుంచవలెను. గుర్తు లేనిచో సానచక్రముమీద నిప్పురవ్వలను చూచి కొంత పోల్చవచ్చును. కర్బనము హెచ్చినకొలది రవ్వలు పువ్వులవలె చీలును. టంగ్‌స్టను ఉక్కు రవ్వలు ఎఱ్ఱగా, చీలక సాగును.

మన ఊళ్లలో లారీ కమాను పట్టాలతో గొడ్డళ్లు, కత్తులు చేయించుకొనుట వాడుక. ఆ ఉక్కు మంచిదే. కాని దానిలో సిలికను, మాంగనీసు, లేదా క్రోమియము కలిసియుండును గనుక నీటికంటె నూనెలో చల్లార్చుట క్షేమము. సానపట్టునప్పుడు అంచు నీలమెక్కినచో అక్కడ గట్టిదనము పోయినదని తెలియవలెను. తఱచు నీట తడుపుచు సానపట్టవలెను. డైల లోపలి మూలలను వాడిగా నుంచక గుండ్రముగా చేయవలెను. పగుళ్లు ఆ మూలలనుండియే బయలుదేఱును. అన్నిటికంటె ఖరీదైన ఉక్కే అన్నిటికంటె మంచిదను భ్రమ వలదు. హైస్పీడు స్టీలుతో సుత్తె చేసినచో అది నాలుగు దెబ్బలకే పెచ్చులూడును.

యువకులకు, గ్రంథాలయమునకు మనవి

బెంగుళూరు మనకు సుమారు నూఱు కిలోమీటర్లు. హిందూపురము, పెనుకొండ దారులలో కర్మాగారములు వెలసినవి. మన పిల్లలు వానిలో పనికి చేరుచున్నారు. యంత్రము మీట నొక్కు పని నెలలో వచ్చును. ఆ యంత్రములోని పనిముట్టును ఎంచి, చేసి, కాచి, సరిదిద్దు పనికి సంవత్సరములు కావలెను. జీతములోను, గౌరవములోను ఈ రెంటికి గల అంతరము మీకు తెలియనిది కాదు. 1968లో హైదరాబాదు బాలానగరమున కేంద్ర ప్రభుత్వము టూల్ డిజైను శిక్షణ సంస్థను స్థాపించినది. బెంగుళూరులో 1972 నుండి ప్రభుత్వ టూల్‌రూము శిక్షణ కేంద్రము నడచుచున్నది. హైదరాబాదులోనే 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమము ప్రత్యేకమైన ఉక్కులను, మిశ్ర లోహములను చేయుచున్నది. శ్రద్ధగల యువకులకు, యువతులకు దారులు లేకపోలేదు.

గ్రంథాలయమువారికి నాది ఒక్క మనవి. కథల పుస్తకముల సరసన లోహశాస్త్రము, యంత్రశాస్త్రము బోధించు తెలుగు పుస్తకములకు ఒక అర కేటాయింపుడు. అంతకంటె ముఖ్యముగా, ఇంకను కొలిమి నడుపుచున్న మన ప్రాంతపు కమ్మరులను, ఉలులు కాల్చుకొను శిల్పులను, మగ్గపు పనిముట్లు చేయువారిని పిలిచి, వారు చెప్పు మాటలను వ్రాయించి ఇచ్చట భద్రపఱపుడు. ఏ రంగు వద్ద ఏ పనిముట్టును ముంచుదురు, ఏ నీరు, ఏ నూనె, ఏ బొగ్గు వాడుదురు, ఇవన్నియు ఒక నోటుపుస్తకమునకు ఎక్కవలెను. కోనసముద్రములో ఇట్టి నోటుపుస్తకము ఒక్కటి యుండినచో, రెండువందల ఏండ్ల తర్వాత చిట్టెపు దిబ్బలను త్రవ్వవలసిన అగత్యము ఇంతగా నుండెడిది కాదు. బడిపిల్లలు వేసవి సెలవులలో ఈ పని చేయగలరు. దీనికి ఖర్చు స్వల్పము.

ఇరువదియైదు ఏండ్లుగా ఈ గ్రంథాలయమును నిలిపిన పెద్దలకు, పుస్తకములను చదివి సకాలమున తిరిగి యిచ్చిన చందాదారులకు నా అభినందనములు. స్వర్ణోత్సవము నాటికి ఆ నోటుపుస్తకము అచ్చుపుస్తకమై ఈ బీరువాలోనే యుండుగాక యని ఆకాంక్షించుచున్నాను.